ఎన్ని గంటలకో రాయని పుస్తకాలు

ముంబయి కామాటిపురాలోని మా తెలుగు సంఘం బడిపిల్లల కోసం తెప్పించిన పుస్తకాలను ఒక్క పిల్లా చివరిదాకా చదవలేదు. వాటిని ఎంచుకున్న పెద్దలూ చదవలేదు. ఎంపిక కమిటీలో నేనూ ఉన్నాను కాబట్టి ఈ మాట చెప్పగలను.

కమిటీలో చేరాలని నేను కోరుకోలేదు. ఎనభైల మధ్యలో, ఒక వానాకాలంలో నా భర్త పోయాడు. అప్పుడు నేను దగ్గర్లోని మున్సిపల్ తెలుగు బడిలో పై తరగతులకు తెలుగు చెప్పేదాన్ని. నెలమాసికం అయ్యి బడికి వెళ్లిన రోజే సంఘం అధ్యక్షుడు స్టాఫ్ గదికి వచ్చాడు. ఆయన బిల్డింగుల ప్లాస్టరింగ్ పనులు పట్టే కాంట్రాక్టరు. కూర్చోకుండానే, "ఇంట్ల ఒక్కదానివి కూసొని ఏం జేస్తవమ్మా? పిల్లల బుక్కుల కమిటీ ఏస్తున్నం. అందుల ఉండు, జెర మనసు మళ్లుతది," అన్నాడు.

పిల్లల చదువు ఒక విధవ మనసు మళ్లించడానికి పనికొస్తుందని ఆయన అనుకున్నాడు. ఆ కమిటీ ఎలా నడవబోతుందో నాకు అప్పుడే అర్థమైంది.

కమిటీ పుట్టడానికి కారణం ఉంది. తనిఖీకి వచ్చిన అధికారి ఏడో తరగతిలో కొందరిని లేపి చదవమంటే, వాళ్లు పుస్తకం పట్టుకుని నిలబడిపోయారు. నోరు లేని పిల్లలు కాదు. గల్లీలో హిందీ, నల్లా దగ్గర మరాఠీ, ఇంట్లో పాలమూరు తెలుగు ధారాళంగా మాట్లాడతారు. అచ్చులో ఉన్న తెలుగు మాత్రం వాళ్లకు నాలుగో భాష. అధ్యక్షుడికి ఇదేమీ పట్టలేదు. పట్టిందల్లా సంఘం పరువు.

ఫాక్‌లాండ్ రోడ్డు పక్కన ఒక దుకాణం మీద ఉన్న సంఘం గదిలో కూర్చున్నాం. అక్కడ పెత్తనం పండితుడిది. రైల్వేలో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి, కోస్తా నుంచి వచ్చినవాడు. పెళ్లిళ్లకూ పదో రోజులకూ పద్యాలు కట్టేవాడు. పుస్తకంలోలా మాట్లాడతాడు కాబట్టి మావాళ్లు ఆయన ముందు నోరు విప్పడానికి జంకేవారు. ఒక మనిషి మాట్లాడితే పదిమంది నోరు మూసుకోవడమే పాండిత్యమైతే, ఆయన నిస్సందేహంగా పండితుడే.

"పిల్లలకు కావలసింది నీతి," అన్నాడాయన. "తరువాత శైలి. ఇక్కడి పిల్లల నోట మన భాష నానా అగచాట్లూ పడుతోంది."

అధ్యక్షుడు ముందున్న నమూనా పుస్తకాల్లోంచి ఒకటి తీసి అట్ట మీద వేళ్లతో కొట్టి చూశాడు, ఇటుకను చూసినట్టు. "బైండింగు గట్టిగున్నది. ఫంక్షన్ల టేబుల్ మీద పెడ్తే మంచిగ కనవడ్తది."

"వీటిలో ఏదైనా మీరు చిన్నప్పుడు ఆపకుండా చదివారా?" అని ఇద్దరినీ అడిగాను.

అధ్యక్షుడు నవ్వేశాడు. "నేనేడ సదివిననమ్మా!"

పండితుడు నవ్వలేదు. "ఆసక్తి పుస్తకంలో ఉండదు తల్లీ. విద్యార్థిలో ఉండాలి," అన్నాడు.

ఆయన చెప్పిన పద్యాలన్నీ మరిచిపోయాను గాని ఈ ముక్క మరవలేదు. వండినవాడు, రుచి కూరలో కాదు, తినేవాడి నాలుకలో ఉండాలన్నట్టు ఉంది.

ఆదివారం పొద్దున తెలుగు సినిమా ఆడే హాలు బయట అమ్మే పాటల పుస్తకాలు కొన్ని తెద్దామన్నాను. వాటిలో కథ సగం చెప్పి, కష్టం ముదిరిన చోట ఆపేసి, మిగతాది తెర మీద చూసుకోమంటారు. ఆ మిగతా సగం కోసం మా తరగతిలో పిల్లలు కొట్టుకునేవారు. పండితుడు కళ్లు మూసుకున్నాడు, నేనేదో తినకూడనిది తిన్నట్టు. ప్రతి ఆదివారం ఆ హాల్లోనే కనిపించే అధ్యక్షుడు, "సిన్మా బుక్కులు బడిల వెడ్తే సంఘం ఇజ్జత్ ఏం గావాలె?" అన్నాడు.

పుస్తకాలు వచ్చాయి. మంచి బాలుడు, చెడ్డ బాలుడు, చెడ్డవాడికి చివరి పేజీలో పశ్చాత్తాపం. చెడు స్నేహాలు కూడదని ఒక పాఠం. మా పిల్లలు రోజూ ఏ గుమ్మాల ముందు నుంచి నడిచి బడికి వస్తారో కమిటీలో అందరికీ తెలుసు. ఆ గుమ్మాల్లో బేరాల కోసం నిలబడే ఆడవాళ్లు, రోడ్డు దాటేటప్పుడు మా చిన్నపిల్లల చెయ్యి పట్టుకునేవారు. ఆ సంగతి రాసిన పుస్తకం ఎవరూ తేలేదు. అన్నిటి మీదా పండితుడి సొంత పద్యాల సంపుటి ఒకటి, బంగారు రంగు అక్షరాలతో. అన్నిటినీ అద్దాల బీరువాలో పెట్టి తాళం వేశారు. తాళంచెవి ఆయన దగ్గరే ఉండేది.

ఏడో తరగతిలో ఒక పిల్ల ఉండేది. అప్పటికే ఒకసారి తప్పింది. తల్లిదండ్రులు ఊరి బయట సైట్ల వెంట తిరుగుతూ కూలి చేసేవారు. పిల్ల మా చాల్‌లో, గదికో కాపురం ఉండే మా మేడలో, కింది అంతస్తులో నాయనమ్మ దగ్గర పెరిగేది. నాయనమ్మ ఇళ్లలో గిన్నెలు తోమేది. మరాఠీ బళ్లలో లాగే మా బడిలోనూ టీచరమ్మను బాయి అనేవారు. ఆ ముసలమ్మ కూడా నన్ను బాయీ అనే పిలిచేది.

ఒకరోజు నా గుమ్మంలో కూర్చుని, "బాయీ, ఈ పారి తప్పితే దీని నాయిన తట్ట మోయనీకి తోల్కవోతనన్నడు," అంది. "ఏడు పాసైతే దవాఖానల ఆయా పని దొరుకుతదంట గద. నా నెత్తి జూడు, ఎంటికెలు రాలి బోడైంది తట్ట మోసి మోసి. దీనికి గదొద్దు."

నెత్తి వంచి చూపించింది. పాసవడానికి అడ్డం ఒక్కటే. పరీక్షలో తెలియని పేజీ ఒకటి ఇచ్చి పైకి చదవమంటారు. ఆ పిల్ల చదవలేదు.

కమిటీ పుస్తకం ఇచ్చి చూశాను. మొదటి వాక్యంలో ప్రభాత వేళ ప్రకృతి కాంత పచ్చని పట్టుచీర ధరించి చిరునవ్వులు చిందించింది. పిల్ల వేలు పెట్టి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ, చెమటలు కక్కుతూ పేజీ చివరికి చేరింది. తల ఎత్తి అడిగింది.

"బాయీ, ఆ చీర కట్టుకున్నామె ఎటు వోయింది? మల్ల రాలే."

ఎటూ పోలేదనీ, అసలు లేనే లేదనీ చెప్పాను.

"మరి కాయ్‌కు రాసిండ్రు?"

ఎందుకు రాశారన్న ఆ ప్రశ్న కంటే మంచి విమర్శ నేను ఏ పత్రికలోనూ చదవలేదు.

మా చాల్ వాకిట్లో గోడకు ఒక నల్లబల్ల ఉండేది. ముంబయి చాళ్లలో అది మామూలే. నీళ్లు ఎప్పుడొస్తాయో, మీటింగు ఎక్కడో, ఎవరు పోయారో సుద్దతో రాసేవారు. మాది తెలుగులో ఉండేది. దాని ముందు మాకొక పద్ధతి ఉంది. పొద్దున ముందుగా చదివినవాళ్లు ఆ సంగతి పై అంతస్తుల దాకా కేకేసి చెప్పాలి. చదువు రానివాళ్లు ఎక్కువ కాబట్టి పెద్దలు పెట్టిన కట్టు అది. వర్లి చాళ్లలోని మావాళ్లు కూరగాయలకో కూలికో పొద్దున్నే ఇటు వచ్చినప్పుడు బల్ల చూసి కబురు తీసుకెళ్లేవారు.

బల్ల మీద రాసే పని, చావు కబుర్లతో సహా, సంఘం పండితుడికి అప్పగించింది. చేతిరాత ముత్యాల్లా ఉండేది. నా భర్త పోయిన పొద్దున ఆయన చాలాసేపు నిలబడి రాశాడట. సౌజన్యమూర్తి, విద్యావ్యాసంగ నిరతుడు, స్నేహశీలి, సంఘ హితైషి, అశేష బంధుమిత్ర హృదయాలను శోకసాగరంలో ముంచి పరమపదించెను. అక్కడికి బల్ల అయిపోయింది. శవాన్ని ఎన్ని గంటలకు లేపుతారో రాయడానికి చోటు మిగల్లేదు. బహుశా ఆ సంగతి ఆయనకు తట్టి కూడా ఉండదు. వాక్యం ముగిసింది కదా.

మాలో మామూలుగా సాయంత్రం లేపుతారు, పనుల నుంచి మనుషులు రావాలి కాబట్టి. ఆ రోజు వాన ఆగకుండా పడుతోంది, గదిలోకి నీళ్లు వస్తున్నాయి. ఆయన అన్న తొందరపెట్టి పొద్దున్నే లేపించాడు. పైనుంచి చూశాను. పాడె మోసేవాళ్లకు భుజం మార్చుకోవడానికి వెనక మనిషి లేడు. సందు మలుపులో దించి, ఊపిరి తీసుకుని, మళ్లీ ఎత్తారు.

సాయంత్రం వర్లి నుంచి ఆయనతో మిల్లులో పనిచేసినవాళ్లు వచ్చారు. చాలామంది. మెట్ల మీద కూడా నిలబడ్డారు. కడిగిన నేల ఇంకా ఆరలేదు. ముందున్న అతని చేతిలో పూలదండ ఉంది.

"ఎప్పుడు లేపిండ్రు వదినే?"

"పొద్దున్నే."

"బోర్డు మీద టైం లేకుండె," అన్నాడతను. దండ ఎక్కడ పెట్టాలో తెలియక, కాసేపు చూసి, చేత్తోనే తిరిగి తీసుకెళ్లాడు.

మిల్లు మూతపడ్డాక నా భర్త ఆ నల్లబల్ల కిందే కూర్చుని, అడిగినవాళ్లకల్లా పేపరు చదివి వినిపించేవాడు. సౌజన్యమూర్తి అని ఎవరైనా అని ఉంటే నవ్వేవాడు. అలంకారాల మీద నాకు అంతకుముందు కూడా పెద్ద నమ్మకం లేదు. ఆ రోజు తర్వాత అసహ్యం పుట్టింది.

ఇది మనసులో ఉండగానే, ఒక పొద్దున ఆ పిల్లను బల్ల ముందు చూశాను. నీళ్ల వరుసలో ఉన్న ఆడవాళ్లు, "ఏం రాసిండ్రే? సదువు, సదువు. బిందెలు వట్టుకొని ఎంతసేపు నిలవడాలె?" అని అరుస్తున్నారు. పండితుడు జలమే సకల ప్రాణికోటికి జీవనాధారమని మొదలుపెట్టాడు. పిల్ల ఆ వైపే చూడలేదు. బల్ల అడుగు నుంచి పైకి వెతుకుతోంది. వేలు ఒకచోట ఆగింది. తడబడింది, మళ్లీ మొదలుపెట్టింది, ఆ వరుస మొత్తం చదివింది. వెంటనే మెట్లెక్కుతూ కేక పెట్టింది. "నీళ్లు పొద్దుమీకి ఒస్తయంట! ఆరు గంటలకంట!"

చదవడం రాదని ఏడాదిగా నేను అనుకుంటున్న పిల్ల అది. అవసరమైన చోట చదువుతోంది. అవసరం లేనిది ఎక్కడుంటుందో కూడా కనిపెట్టి, దాన్ని దాటుకుని పోతోంది.

ఆ రోజు నుంచి బీరువా పుస్తకాలు అడగడం మానేశాను. గల్లీల్లో బల్లల మీద ఏం రాశారో చూసుకొచ్చి తరగతి బోర్డు మీద ఎక్కించేదాన్ని. దేవి ఊరేగింపు, తప్పిపోయిన మేక, టీకాలు, చావులు. మొదట మూడు సంగతులు వెతకాలి: ఎవరు, ఎక్కడ, ఎన్ని గంటలకు. ఆ తర్వాత చెరపడం. ఏ మాట తీసేసినా పనికి నష్టం లేదో ఆ మాట చెరిపేయాలి. చెరపాలంటే ముందు చదవాలి కదా. డస్టర్ కోసం పిల్లలు ఒకరినొకరు తోసుకునేవారు. ఆ పిల్లే ఒక కొలత కనిపెట్టింది. ప్రతి మాట దగ్గరా ఆగి, "ఇది తీసేస్తే జనం రాకుంట ఉంటరా?" అని అడిగేది. అయినా వస్తరు అని తరగతి అరిస్తే తుడిచేసేది.

ఒకరోజు, ఎవరిదో చెప్పకుండా, నా భర్త చావు కబురు రాశాను. నాకు కంఠతా వచ్చు. పిల్లలు ఉత్సాహంగా చెరుపుతూ పోయారు. సౌజన్యమూర్తి పోయింది, శోకసాగరం పోయింది. చివరికి పేరూ, పోయాడన్న ముక్కా మిగిలాయి. ఆ పిల్ల డస్టర్ పట్టుకుని బల్ల అడుగున వెతికింది.

"టైం ఏడున్నది బాయీ?"

"లేదు."

"మరి జనం ఎట్లొచ్చిండ్రు?"

"రాలేదు."

పేరు మళ్లీ చూసింది. మా చాల్ పిల్లే కాబట్టి గుర్తుపట్టింది. డస్టర్ నా మేజా మీద పెట్టి వెళ్లి కూర్చుంది.

ఈ సంగతి పండితుడికి చేరింది. సంఘం గదికి పిలిపించారు.

"చావు వార్తలతో పాఠాలా తల్లీ?" అన్నాడాయన. "పసి మనసులు! అక్కడ బీరువా నిండా సారస్వతం ఉండగా, గోడరాతలా?"

"గోడ మీద రాసింది మీరే కదా," అన్నాను.

ఆయన ముఖం ఎర్రబడింది. అధ్యక్షుడు మధ్యలో దూరి, "అమ్మా, నీ బాధ నాకెర్కే. గని నీ బాధ పిల్లల మీద రుద్దొద్దు గద," అన్నాడు. వాళ్లకు అర్థం కానిదాన్నల్లా నా వైధవ్యం ఖాతాలో వేసేయడం వాళ్లకు సులువు. అయినా మీ పుస్తకాలు పిల్లలు చదవడం లేదని చెప్పాను. "సదువకుంటె సదివియ్యాలె. దానికే గద నీకు పగారిస్తున్నరు," అన్నాడు అధ్యక్షుడు. నా జీతం ఇచ్చేది మున్సిపాలిటీ గాని ఆయన కాదని చెప్పలేదు. లేచి వచ్చేశాను. మర్నాడు మేక తప్పిపోయిన కబురు చెప్పుకున్నాం.

చలికాలంలో ఒక తెల్లవారుజామున పిల్ల నాయనమ్మ నిద్రలోనే పోయింది. తండ్రికి మనిషి చేత కబురు పంపారు. నేను కిందికి దిగేసరికి నల్లబల్ల ముందు గుంపు ఉంది. మంచి ముచ్చట్లు బల్ల నిండా రాసి వెళ్లడం పండితుడికి అలవాటు. దాన్ని పూర్తిగా తుడిచి, పిల్ల పెద్ద అక్షరాలతో రాసింది.

మా అవ్వ చచ్చిపోయింది. నాలుగు గంటలకు లేపుతం. కింది అంతస్తు, నల్లా పక్క ఖోలీ. అందరు రాండ్రి.

పండితుడు అప్పటికే వచ్చి బల్లకు అడ్డంగా నిలబడ్డాడు. "చచ్చిపోయింది అని రాస్తారటే! పశువా ఆమె? పరమపదించెను అనాలి. డస్టర్ ఇలా ఇవ్వు."

పిల్ల కళ్లు వాచి ఉన్నాయి. డస్టర్ వెనక దాచుకుంది. "చోటు లేదు పంతులూ. జరుగుండ్రి. జనం సదవాలె."

నీళ్ల వరుసలోంచి ఒకామె, "ఓ పంతులూ, జెర జరుగరాదూ! నీ ఈపు తప్ప ఏం కనవడ్తలేదు," అంది.

"ఆయన ఈపు మీద గూడ రాస్తే ఇంకింత చోటైతుండె," అంది మరొకామె. చావింటి ముందే నవ్వు వచ్చింది. పండితుడు జరిగాడు. పిల్ల మెట్లెక్కి ప్రతి అంతస్తులో తన కబురు తనే కేకేసి చెప్పింది. గొంతు మూడో అంతస్తులో విరిగింది గాని గంట చెప్పడం మానలేదు.

మధ్యాహ్నం దాటాక తండ్రి గ్రాంట్ రోడ్ స్టేషన్‌లో దిగి, సిమెంటు బట్టలతోనే వచ్చాడు. అప్పటికే వర్లి వాళ్లు వచ్చి ఉన్నారు. ఆ ముసలమ్మ ఎప్పుడో ఎవరింట్లోనో గిన్నెలు తోమినప్పుడు పలకరించినవాళ్లు కూడా వచ్చారు. నాలుగు గంటలకు పాడె లేచింది. భుజం పట్టడానికి వంతు కోసం మగవాళ్లు వెనక నడిచారు. సందు మలుపులో ఎక్కడా దించలేదు. నేను పైనుంచి చూశాను.

పదో రోజు తర్వాత తండ్రి నా దగ్గరికి వచ్చాడు. పిల్లను సైటుకు తీసుకెళ్లడానికే వచ్చాడని నాకు తెలుసు. పిల్ల బట్టల మూట వాళ్ల ఖోలీ గుమ్మం ముందే ఉంది. ముసలమ్మ లేదు కాబట్టి ఇంక అడ్డు చెప్పేవాళ్లూ లేరు.

గుమ్మం బయటే నిలబడి, "బాయీ, నాకు సదువు రాదు," అన్నాడు. "బోర్డు మీద మా పిల్లనే రాసిందంట గద."

"అదే రాసింది."

"ఎవలన్న చెప్తే రాసిందా?"

"ఎవరూ చెప్పలేదు."

గోళ్లలో ఇరుక్కున్న పాత సిమెంటు గీరుకున్నాడు. "మా అమ్మను మోసెటందుకు గంతమంది ఒస్తరని నేననుకోలే. నా సేతికి పాడె జెర్రసేపే దొరికింది." వంగి కింద ఉన్న బట్టల మూట వైపు చూశాడు. "పరీచ్చ ఎప్పుడు?"

"ఏప్రిల్‌లో."

"గప్పటిదాంక మా అక్కోళ్లింట్ల ఉంటది. పక్క గల్లీనే. తప్పితే మాత్రం ఊకోను."

ఏప్రిల్‌లో పిల్ల తెలియని పేజీ చదివింది. వెన్నెల గురించి ఏదో పాఠం. నేను తలుపు పక్కన నిలబడి విన్నాను. నెమ్మదిగా, వేలు పెట్టుకుని, తడబడకుండా చదువుతోంది గాని వాక్యాలు మరీ పొట్టిగా వినిపించాయి. కాసేపటికి తెలిసింది. తీసేసినా జనం వస్తారనుకున్న మాటలన్నీ దాటేస్తోంది. పరీక్షాధికారి పుస్తకం చూస్తూనే ఉన్నాడు, ఏమీ కనిపెట్టలేదు. ఆ మాటలు ఆయనా ఎప్పుడూ చదివి ఉండడు. పాసు చేశాడు.

సంఘం వార్షికోత్సవంలో అధ్యక్షుడు మైకు పట్టుకుని, సంఘం ఇచ్చిన ఉత్తమ గ్రంథాల వల్లే మన పిల్లలు పాసయ్యారని ప్రకటించాడు. బీరువాను వేదిక మీదికి మోయించారు. తాళం తీయలేదు. అద్దంలోంచి బాగానే కనిపిస్తున్నాయి. పిల్లను పైకి పిలిచి, పండితుడు తన సంపుటిని బహుమతిగా ఇచ్చాడు. తండ్రి వెనక వరుసలో ఉతికిన చొక్కాతో నిలబడి ఉన్నాడు.

పిల్ల పుస్తకం తెరిచింది. అలవాటు ప్రకారం చివరి పేజీ అడుగున మొదలుపెట్టి పైకి వెతికింది. ముందు పేజీకి వెళ్లింది, అక్కడా వెతికింది. తర్వాత వేదిక మీంచి నన్ను చూసి, మూడో అంతస్తుకు కేకేసే గొంతుతో అడిగింది.

"బాయీ, ఇందుల ఎన్ని గంటలకో ఏడా రాయలే!"

"చప్పట్లు కొట్టుండ్రి!" అన్నాడు అధ్యక్షుడు మైకులో. అందరూ కొట్టారు. పండితుడు కూడా.